బార్బరా హులానికీ, ఆమె బీబా దుకాణం

బార్బరా హులానికీ పోలండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకున్న దుస్తుల రూపకర్త, వ్యాపారి. 1963లో టపా ద్వారా బట్టలు అమ్మే చిన్న వ్యాపారంగా ఆమె మొదలుపెట్టిన ‘బీబా’ పదేళ్లలో పశ్చిమ లండన్‌లో ఏడంతస్తుల స్టోరుగా ఎదిగింది. మరో రెండేళ్లకే, 1975లో మూతపడింది. సామాన్యమైన జీతంతో బతికే ఆడపిల్ల తనకు నచ్చిన తీరులో, తన వయసుకు తగినట్టు, తలనుంచి పాదాల దాకా ఒకే చోట ముస్తాబు కావచ్చని బ్రిటన్‌లో మొదట నిరూపించిన దుకాణాల్లో బీబాది ముందు వరుస. దుస్తుల చిల్లర వర్తకం చరిత్రలో దీన్ని రెండు కారణాలకు గుర్తు చేసుకుంటారు. సరుకుతో పాటు దుకాణం వాతావరణాన్ని కూడా కొనుగోలుదారుకు అందించిన తీరు మొదటిది. ఎదుగుదల కోసం వాటాలు వదులుకున్న స్థాపకులు చివరికి తమ పేరు మీద హక్కు కూడా పోగొట్టుకోవడం రెండోది.

బాల్యం, చదువు

హులానికీ 1936 డిసెంబరు 8న వార్సాలో పుట్టింది. తండ్రి విటోల్డ్ హులానికీ పోలండ్ దౌత్యాధికారి. జెరూసలేంలో కాన్సుల్ జనరల్‌గా పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ కుటుంబం అప్పటి బ్రిటిష్ పాలనలోని పాలస్తీనాలోనే ఉండిపోయింది. 1948 ఫిబ్రవరిలో లేహి అనే యూదు సాయుధ దళం ఆయనను పట్టుకుపోయి చంపింది. అప్పటికి బార్బరాకు పదకొండేళ్లు. తల్లి ముగ్గురు కూతుళ్లను వెంటబెట్టుకుని ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ పట్టణానికి చేరింది.

బ్రైటన్‌లో వాళ్లకు అండగా నిలిచింది తల్లి వైపు బంధువైన సోఫీ పెద్దమ్మ. ఆమె సంపన్నురాలు. హోటల్లోనే కాపురం. వయసు మళ్లినా తన యవ్వన కాలపు అలంకరణను వదలని మనిషి. ఎండిన గులాబీ వన్నె, రేగిపండు రంగు, తుప్పు రంగు, ముదురు ఊదా వంటి మాగిన వన్నెల బట్టలే కట్టేది. పిల్లలు ఏం తొడగాలో కూడా ఆమే నిర్ణయించేది. ఆ పెత్తనం బార్బరాకు అప్పట్లో గిట్టలేదు. పదిహేనేళ్ల తరువాత ఆమె తన దుకాణాన్ని నింపింది మాత్రం సరిగ్గా ఆ రంగులతోనే. మిగతా లండన్ అంతా తెలుపు, వెండి, కళ్లు జిగేల్మనే పసుపు వెంట పరుగెడుతున్న సమయంలో బీబా వేరుగా కనిపించడానికి ఈ పాతకాలపు వన్నెలే మూలం.

బ్రైటన్ ఆర్ట్ స్కూల్లో చదువుతుండగా 1955లో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రిక నిర్వహించిన పోటీలో సముద్రతీర దుస్తుల విభాగంలో ఆమె బొమ్మకు బహుమతి వచ్చింది. తరువాత లండన్ వెళ్లి ఫ్యాషన్ బొమ్మలు గీసే వృత్తిలో కుదురుకుంది. వోగ్, టాట్లర్, విమెన్స్ వేర్ డైలీ వంటి పత్రికలకు గీసేది. పారిస్ ప్రదర్శనలకు వెళ్లి అక్కడ చూపిన దుస్తులను బొమ్మకట్టి తేవడం ఆ ఉద్యోగంలో భాగం. కుట్టు ఎక్కడ పడింది, బట్ట ఎలా జారింది, చంక ఎంత పైకి కోశారు అన్నవి నిశితంగా చూసే అలవాటు ఆ పనివల్లే అబ్బింది. ఇంకోవైపు, పత్రికల్లో బొమ్మల చోటును ఫోటోలు ఆక్రమిస్తున్న రోజులవి. ఆ వృత్తికి ముందు ముందు పెద్ద భవిష్యత్తు లేదు.

1961లో ఆమె స్టీఫెన్ ఫిట్జ్‌సైమన్‌ను పెళ్లాడింది. అందరూ ఫిట్జ్ అని పిలిచే ఆయన ప్రకటనల సంస్థలో ఉద్యోగి. బీబా గురించి రాసినవాళ్లు ఎక్కువగా హులానికీ రూపకల్పన గురించే రాశారు. నిజానికి ఆ సంస్థ ఇద్దరిదీ. ఏ బట్ట, ఏ రంగు, ఏ తీరు అన్నది ఆమె చూసేది. అద్దెలు, కుట్టు కార్ఖానాలతో బేరాలు, బ్యాంకు లెక్కలు ఆయన చూసేవాడు. టపాలో బట్టలు అమ్మాలన్న ఆలోచనను వ్యాపారంగా నిలబెట్టింది ఆయనే.

టపా దుకాణం

1963లో ‘బీబాస్ పోస్టల్ బొటీక్’ పేరుతో వ్యాపారం మొదలైంది. బీబా అనేది హులానికీ చిన్న చెల్లెలు బీరూటా ముద్దుపేరు. పెట్టుబడి లేని దంపతులకు టపా వ్యాపారంలో ఒక సౌకర్యం ఉంది. పత్రికలో బొమ్మ వేయిస్తే కొనేవాళ్లు ముందుగానే డబ్బు పంపుతారు. ఆ డబ్బుతో బట్ట కొని కుట్టించి పంపవచ్చు. దుకాణానికి అద్దె లేదు, సరుకు పేరుకుపోయే భయం లేదు. మొదట వేసిన ఒకటి రెండు నమూనాలకు వచ్చిన స్పందన మాత్రం అంతంతే.

మలుపు 1964 మే నెలలో వచ్చింది. డైలీ మిర్రర్ పత్రిక ఫ్యాషన్ సంపాదకురాలు ఫెలిసిటీ గ్రీన్, సొంతంగా వృత్తుల్లో రాణిస్తున్న యువతుల గురించి ఒక శీర్షిక వేస్తూ, పాఠకులు కొనుక్కునేలా ఒక గౌను రూపొందించమని హులానికీని అడిగింది. ఆమె గీసి ఇచ్చింది గులాబీ, తెలుపు గళ్ల నూలు గౌను. చేతులు లేవు. వీపు పైభాగంలో గుండ్రటి కోత. దానికి జతగా అదే గుడ్డతో తలకు కట్టుకునే ముక్కోణపు రుమాలు. ఫ్రెంచి నటి బ్రిజిట్ బార్డో 1959లో తన పెళ్లికి గులాబీ గళ్ల గౌను వేసుకున్నప్పటి నుంచీ ఆ బట్ట మీద యువతులకు మోజు ఉంది. ధర 25 షిల్లింగులు, అంటే పౌనుంపావు. పత్రిక వెలువడిన మర్నాటినుంచే ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చిపడ్డాయి. మొత్తం 17,000 గౌన్లకు గిరాకీ వచ్చింది. అంత గళ్లబట్ట సేకరించి, కోయించి, కుట్టించి పంపడం ఇద్దరు మనుషుల వ్యాపారానికి తలకు మించిన పనే అయింది. అయినా ఆ గౌనుతో వాళ్లకు రెండు విషయాలు రూఢి అయ్యాయి. తక్కువ ధరలో కొత్త తీరు దుస్తుల కోసం దేశమంతటా ఆడపిల్లలు ఎదురుచూస్తున్నారు. వాళ్ల సంఖ్య దుకాణదారులు ఊహించినదానికంటే చాలా ఎక్కువ.

దీనికి వెనుక ఒక సామాజిక నేపథ్యం ఉంది. యుద్ధం తరువాత పుట్టిన పిల్లలు 1960ల ఆరంభానికి ఉద్యోగాల్లో చేరుతున్నారు. టైపిస్టులుగా, దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలకు వారం వారం జీతం చేతికొస్తోంది. పెళ్లికి ముందు దానిలో కొంత తమకోసం ఖర్చుపెట్టుకునే వెసులుబాటు ఉంది. కొనడానికి తగిన బట్టలే లేవు. పెద్ద స్టోర్లలో దొరికేవి తల్లులు తొడిగే తీరువి. దుస్తుల రూపకర్త మేరీ క్వాంట్ 1955లో లండన్ కింగ్స్ రోడ్డులో తెరిచిన ‘బజార్’ కుర్రకారు అభిరుచికి తగినదే అయినా ధరలు టైపిస్టుకు అందుబాటులో ఉండేవి కావు. ఈ రెండింటికీ నడుమ ఉన్న ఖాళీలో బీబా అడుగుపెట్టింది.

అబింగ్డన్ రోడ్డు

మొదటి దుకాణం 1964 సెప్టెంబరులో కెన్సింగ్టన్ ప్రాంతంలోని అబింగ్డన్ రోడ్డులో తెరిచారు. అంతకుముందు అది మందుల షాపు. పాత చెక్కపని, కిటికీలకు ముదురు రంగు తెరలు, మసక వెలుతురు, గట్టిగా మోగే పాటలు. గాజు బల్లలు, అలమరాలు లేవు. బట్టలన్నీ టోపీలు తగిలించే పాతకాలపు కర్ర స్టాండ్లకు వేలాడుతుండేవి. బయటి కిటికీలో సరుకు ప్రదర్శించే మామూలు పద్ధతిని కూడా పాటించలేదు. లోపల ఏముందో తెలియాలంటే లోపలికి రావాల్సిందే.

తెరిచిన రోజు గురించి హులానికీ తన ఆత్మకథలో రాసింది. ఇంట్లో చోటు చాలక, సన్న గీతల గోధుమరంగు గౌన్ల లాటును దుకాణంలో వేలాడదీసి ఉంచారు. ఉదయం తలుపు తీయగానే అమ్మాయిలు నిండిపోయి, పదకొండు గంటలయ్యేసరికి ఉన్నవన్నీ కొనేశారు. అన్నీ ఒకే గౌను, ఒకే కొలత. ప్రచారం లేదు, పత్రికా ప్రకటన లేదు.

అమ్మకపు పద్ధతి కూడా కొత్తదే. అప్పటి బ్రిటిష్ బట్టల దుకాణాల్లో నడివయసు సేల్స్ ఉద్యోగినులు వచ్చినవాళ్ల వెంట తిరిగి ఏం కావాలని అడిగేవారు. కొనకుండా బయటికి రావడం ఇబ్బందిగా ఉండేది. బీబాలో పనిచేసేది కొనేవాళ్ల ఈడు అమ్మాయిలే. వాళ్లు తొడిగేది కూడా ఆ దుకాణం బట్టలే. అడిగితే తప్ప ఎవరినీ పలకరించరు. ఎంతసేపైనా తిరగవచ్చు, ఎన్నైనా తొడిగి చూడవచ్చు. బట్టలు మార్చుకునే గది అందరికీ కలిపి ఒకటే. ఈ స్వేచ్ఛకు మూల్యం లేకపోలేదు. మసక వెలుతురు, రద్దీ, ఉమ్మడి గది కలిసి దొంగతనాలకు బాగా వీలిచ్చాయి. సంస్థ ఉన్నన్నాళ్లూ ఈ నష్టం వెంటాడింది.

శుక్రవారం సాయంత్రాలు ప్రసారమయ్యే ‘రెడీ స్టెడీ గో!’ అనే పాటల టీవీ కార్యక్రమం బీబాకు ఖర్చులేని ప్రచారమైంది. దాని వ్యాఖ్యాత కేథీ మెక్‌గోవన్ బీబా బట్టలు వేసుకుని తెరమీద కనిపించేది. శనివారం ఉదయం అలాంటివే కావాలని అమ్మాయిలు దుకాణానికి వచ్చేవారు. మోడల్ ట్విగ్గీ ఇక్కడికి తరచూ వచ్చేది. తరువాతి కాలంలో అమెరికన్ వోగ్‌ను దశాబ్దాలపాటు నడిపిన ఆనా వింటూర్ పదిహేనేళ్ల వయసులో కొంతకాలం బీబాలోనే పనిచేసింది.

దుస్తుల తీరు, ధరల గుట్టు

బీబా గౌన్లకు ఒక ప్రత్యేకమైన కోత ఉండేది. భుజాలు ఇరుకు, చంక కోత బాగా పైకి, చేతులు సన్నగా పొడుగ్గా బిగుతుగా ఉండేవి. తొడిగిన మనిషి నాజూగ్గా, సాగినట్టు కనిపించేది. యుద్ధకాలపు రేషన్ తిండితో పెరిగిన తరం కాబట్టి ఆ అమ్మాయిలు సహజంగానే సన్నగా ఉండేవారని హులానికీ చెప్పేది. ఈ కోతకు మరో వైపు కూడా ఉంది. ఒళ్లున్నవాళ్లకు బీబాలో చోటు లేదు. పై చేయి కాస్త లావుగా ఉన్నా ఆ చేతుల్లోకి దూరేది కాదు. ధరలో ఎందరినో కలుపుకొన్న దుకాణం కొలతల్లో చాలామందిని బయటే ఉంచింది. అప్పటి మెచ్చుకోలు రాతల్లో ఈ విషయం దాదాపుగా కనిపించదు.

తక్కువ ధర ఎలా సాధ్యమైందన్నది వ్యాపార దృష్టితో చూస్తే ఆసక్తికరం. ఖరీదైన బట్ట వాడలేదు. నూలు, జెర్సీ, క్రేప్, శాటిన్ వంటివాటిని కోత నైపుణ్యంతో ఖరీదుగా కనిపించేలా చేశారు. ఎన్నేళ్లు మన్నుతుందన్నది లెక్కలోకి తీసుకోలేదు. ఒక సీజన్ తొడిగితే చాలు. ఒక్కో గౌనును పరిమిత సంఖ్యలోనే కుట్టించేవారు. అయిపోతే మళ్లీ అదే రాదు, మరొకటి వస్తుంది. అందువల్ల నచ్చింది వెంటనే కొనాలి, మళ్లీ వచ్చే వారం చూసిపోవాలి. అమ్ముడుపోని సరుకు పేరుకుపోవడం తగ్గింది, డబ్బు త్వరగా తిరిగొచ్చింది. ఈనాడు వేగవంతమైన ఫ్యాషన్ అని పిలిచే వ్యాపారం నడిచేది ఈ సూత్రం మీదే. స్పెయిన్‌లో జారా మొదటి దుకాణం తెరుచుకున్నది బీబా మూతపడ్డ 1975లోనే. అప్పటికి దశాబ్దం ముందే బీబా కంప్యూటరు లేకుండా, రూపకర్త కంటిచూపు మీద ఆధారపడి ఇదే పని చేసింది.

అనుకోకుండా కలిసొచ్చినవీ ఉన్నాయి. ఒకసారి సాగే జెర్సీతో కుట్టిన లంగాల లాటు కార్ఖానా నుంచి వచ్చేసరికి గుడ్డ ముడుచుకుపోయి, నిడివి పది అంగుళాలకు దిగిపోయింది. సంస్థ మునిగిపోయిందనే అనుకున్నారు. స్టాండ్లకు తగిలించినవి తగిలించినట్టే అమ్ముడుపోయాయి. మినీస్కర్టు లండన్ వీధుల్లోకి వచ్చిన దారుల్లో ఇది ఒకటి. దాని ఘనత ఎవరిదన్న వాదంలో క్వాంట్, పారిస్‌లో ఆంద్రే కురేజ్ పేర్లు ముందుంటాయి. పొట్టి లంగాను సామాన్య అమ్మాయి కొనగల ధరకు తెచ్చిన దుకాణాల్లో మాత్రం బీబా ముందుంటుంది.

రంగుల విషయంలో హులానికీ తీసుకున్న నిర్ణయం వ్యాపారానికి బాగా కలిసొచ్చింది. అన్నీ ఒకే వర్ణశ్రేణిలో ఉండటంతో గౌనుకు తగ్గ మేజోళ్లు, మేజోళ్లకు తగ్గ బూట్లు, బూట్లకు తగ్గ టోపీ, ఈకల శాలువా అక్కడే దొరికేవి. ఒక గౌను కోసం వచ్చిన అమ్మాయి నాలుగు వస్తువులతో బయటికి వెళ్లేది. 1970లో వచ్చిన బీబా సౌందర్య సాధనాలు దీనికి కొనసాగింపు. లేత గులాబీ, ఎరుపు తప్ప మరేమీ చూడని మార్కెట్లోకి నలుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా లిప్‌స్టిక్కులు, కంటి రంగులు వచ్చాయి. కొనేముందు పూసుకుని చూడనిచ్చేవారు. ఈ సాధనాలను డొరొతీ పెర్కిన్స్ అనే పెద్ద సంస్థ శాఖల ద్వారా దేశమంతటా అమ్మారు. లండన్ రాలేని అమ్మాయికి బీబా చేరింది ఎక్కువగా ఈ సాధనాల నలుపు, బంగారు రంగు డబ్బాల ద్వారానే.

విస్తరణ, వాటాల అమ్మకం

అబింగ్డన్ రోడ్డు దుకాణం రెండేళ్లు తిరక్కముందే ఇరుకైపోయింది. కెన్సింగ్టన్ చర్చ్ స్ట్రీట్‌లో అంతకుముందు కిరాణా దుకాణం నడిచిన చోటికి బీబా మారింది. నలుపు మీద బంగారు రంగులో, మెలికల తీగల అల్లికతో జాన్ మెకానెల్ గీసిన గుర్తు ఈ కాలంలోనే వచ్చింది. బట్టల అట్టపెట్టెల నుంచి సబ్బు డబ్బాల దాకా ఒకే గుర్తు, ఒకే రంగులు వాడటం చిల్లర దుకాణాలకు అప్పటికి అంతగా అలవాటు లేని పద్ధతి. 1968లో టపా కేటలాగులు మొదలయ్యాయి. వాటికి ఫోటోలు తీసినవారిలో హెల్మట్ న్యూటన్, సారా మూన్ ఉన్నారు. అప్పటి అమ్మకపు జాబితాలతో పోలిస్తే అవి పొడుగాటి, వింత ఆకారపు కళాపుస్తకాల్లా ఉండేవి. ఈనాడు పాతవస్తువుల వేలాల్లో వాటికి మంచి ధర పలుకుతోంది.

1969లో బీబా కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌కు చేరింది. అక్కడ పూర్వం సిరిల్ లార్డ్ తివాచీల షోరూము ఉండేది. ఆడవారి దుస్తులతో పాటు మగవారి బట్టలు, పిల్లల బట్టలు, గోడ కాగితాలు, ఇంటి సామాను కూడా అమ్మకానికి పెట్టారు. అంత పెద్ద దుకాణానికి సరుకు నింపడానికి దంపతుల సొంత డబ్బు చాలదు. డొరొతీ పెర్కిన్స్, ఒక దుస్తుల తయారీ సంస్థ కలిసి పెట్టుబడి పెట్టి, మొత్తం 75 శాతం వాటా తీసుకున్నాయి. హులానికీ, ఫిట్జ్‌ల చేతిలో మిగిలింది పావువంతు. దుకాణం రోజువారీ నడక మారలేదు కాబట్టి ఆ మార్పు బరువు వెంటనే తెలియలేదు. ఏం అమ్మాలో ఆమే నిర్ణయించేది. ఉండాలా మూయాలా అన్నది మాత్రం అప్పటినుంచీ ఇతరుల చేతిలోకి వెళ్లిపోయింది.

బీబా ఎంత ప్రసిద్ధి పొందిందంటే, వినిమయ సమాజాన్ని వ్యతిరేకించే యాంగ్రీ బ్రిగేడ్ అనే తీవ్రవాద బృందం 1971 మే 1న ఆ దుకాణంలో బాంబు పేల్చింది. ఆడవాళ్లను ఫ్యాషన్‌కు బానిసల్ని చేస్తున్నారన్నది వాళ్ల అభియోగం. అదే కాలంలో స్త్రీవాదులలో కొందరు కూడా బీబాను విమర్శించారు. సొంత సంపాదనతో సొంత ఇష్టాన్ని చాటుకునే చోటుగా ఆ దుకాణాన్ని ప్రేమించిన అమ్మాయిలు అంతకంటే ఎక్కువమంది.

పెద్ద బీబా

కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లోనే డెరీ అండ్ టామ్స్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోరు ఉండేది. బెర్నార్డ్ జార్జ్ గీసిన ఆర్ట్ డెకో శైలి భవనం, 1933లో తెరిచారు. దాని మిద్దెమీద ఒకటిన్నర ఎకరాల తోట. రాల్ఫ్ హాన్‌కాక్ రూపొందించిన ఆ తోటలో స్పానిష్ తరహా వనం, ట్యూడర్ తరహా వనం, చెట్లూ సెలయేరూ ఉన్న ఇంగ్లీషు వనం ఉన్నాయి. ఆ స్టోరు మూతపడటంతో భవనమంతా బీబాకు దక్కింది. 1973 సెప్టెంబరు 10న కొత్త స్టోరు తెరుచుకుంది. పాతవాటి నుంచి వేరుగా చెప్పడానికి దీన్ని ‘బిగ్ బీబా’ అంటారు.

లోపలి అలంకరణ విట్‌మోర్-థామస్ సంస్థది. భవనపు 1930ల శైలిని చెరపకుండా, నాటి హాలీవుడ్ సినిమా సెట్టింగులను తలపించేలా తీర్చిదిద్దారు. అడుగున ఆహార విభాగం. అక్కడ సరుకు పెట్టిన అరలే చూడదగ్గవి. పెద్ద డబ్బా ఆకారంలో కట్టిన అరలో డబ్బా సరుకులు, హులానికీ పెంచిన గ్రేట్ డేన్ కుక్క ఒథెల్లో విగ్రహం లోపల కుక్కల తిండి. చిక్కుడుగింజల డబ్బా నుంచి బట్టల సబ్బుపొడి దాకా అన్నిటిమీదా బీబా గుర్తే. పిల్లల అంతస్తులో కోట, రంగులరాట్నం. ‘మిస్ట్రెస్ రూమ్’ అనే గదిలో చిరుతపులి మచ్చల అలంకరణ మధ్య లోదుస్తులు. ఐదో అంతస్తులో ఇంద్రధనుస్సు రంగుల దీపాల పైకప్పుతో ‘రెయిన్‌బో రూమ్’ భోజనశాల. 1973 నవంబరులో న్యూయార్క్ డాల్స్ బృందం అక్కడే కచేరీ చేసింది. మిద్దెతోటలో ఫ్లెమింగోలు, పెంగ్విన్లు. వీధివైపు కిటికీల్లో సరుకు బదులు కూర్చునే ఆసనాలు. వచ్చినవాళ్లు అక్కడ గంటలకొద్దీ కూర్చుని వీధిని చూస్తూ గడపవచ్చు.

జనం విరగబడి వచ్చారు. వారానికి పది లక్షలమంది వస్తున్నారని అప్పట్లో చెప్పుకున్నారు. లండన్ చూడవచ్చిన పర్యాటకులు కోటలు, మ్యూజియంలు చూశాక బీబాకు వచ్చేవారు. చూసేవాళ్లు పెరిగినంతగా కొనేవాళ్లు పెరగలేదన్నదే చిక్కు. చిన్న దుకాణంలో అడుగు అడుగునా సరుకుండేది, వచ్చిన అమ్మాయి ఏదో ఒకటి కొనేది. ఏడంతస్తుల్లో సగం చోటు అలంకరణకు, ఆసనాలకు, తిరగడానికి పోయింది. చదరపు అడుగుకు ఎంత అమ్మకం అన్నదే డిపార్ట్‌మెంట్ స్టోరు ఆయువుపట్టు. ఆ లెక్కలో బిగ్ బీబా మొదటినుంచీ వెనుకబడింది. బట్టల్లో ఆరితేరిన దంపతులకు కిరాణా, ఫర్నిచరు, భోజనశాల కొత్త వ్యాపారాలు. ఒక్కోదానికీ వేరే కొనుగోలు నైపుణ్యం, వేరే లాభపు రేటు ఉంటాయి. అన్నీ ఒకేసారి తలకెత్తుకున్నారు.

మూత

స్టోరు తెరిచిన ఏడాదే డొరొతీ పెర్కిన్స్‌ను బ్రిటిష్ ల్యాండ్ అనే స్థిరాస్తి సంస్థ కొనేసింది. దాంతోపాటే బీబా మీద అధికారం కూడా ఆ సంస్థకు దక్కింది. దుస్తుల వ్యాపారం తెలిసిన భాగస్వామి స్థానంలో భవనాల విలువ, అద్దెల రాబడి చూసే యజమాని వచ్చాడు. వాళ్ల లెక్కలో కెన్సింగ్టన్ హై స్ట్రీట్ భవనం ఒక విలువైన ఆస్తి. దానిలో నడిచే దుకాణం ఆ విలువకు తగ్గ రాబడి తెస్తోందా అన్నదే ప్రశ్న.

కాలం కూడా కలిసిరాలేదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరాకు కళ్లెం వేయడంతో ధరలు నాలుగింతలయ్యాయి. బొగ్గుగని కార్మికుల ఆందోళనతో విద్యుత్తు కొరత ఏర్పడి, 1974 జనవరి నుంచి మార్చి దాకా బ్రిటన్‌లో వ్యాపార సంస్థలకు వారానికి మూడు రోజులే కరెంటు ఇచ్చారు. స్థిరాస్తి ధరలు కుప్పకూలి బ్రిటిష్ ల్యాండ్ వంటి సంస్థలే ఇబ్బందుల్లో పడ్డాయి. 1975లో ద్రవ్యోల్బణం 24 శాతానికి చేరింది. బీబా కొనుగోలుదారులు సరిగ్గా జీతాల మీద బతికే చిన్న ఉద్యోగులే. కొత్త గౌను వాళ్ల జాబితాలో కిందికి జారిపోయింది.

స్టోరు ఎలా నడవాలన్నదానిపై యాజమాన్యానికీ హులానికీకీ నడుమ విభేదాలు ముదిరాయి. పావువంతు వాటాతో ఆమె నెగ్గించుకోగలిగింది ఏమీ లేదు. చివరికి తాను పెట్టిన సంస్థనుంచే తప్పుకుంది. 1975లో స్టోరు మూతపడింది. తరువాత ఆ భవనం మార్క్స్ అండ్ స్పెన్సర్, బ్రిటిష్ హోమ్ స్టోర్స్ వంటి సంస్థల చేతికి వెళ్లింది. బీబా అనే పేరు కూడా స్థాపకులకు దక్కలేదు. ట్రేడ్‌మార్కు సంస్థ ఆస్తి కాబట్టి, చెల్లెలి ముద్దుపేరును తన బట్టల మీద వేసుకునే హక్కు హులానికీకి లేకుండాపోయింది.

ఈ పతనానికి అతి ఆశే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. అది సగం నిజం. సౌందర్య సాధనాలు, పాత హై స్ట్రీట్ దుకాణం లాభాల్లో నడిచిన వ్యాపారాలే. పెద్ద స్టోరు కుదుటపడటానికి కావలసిన నాలుగైదేళ్ల వ్యవధి దానికి దొరకలేదు. ఓపిక పట్టే యజమాని ఉండి, 1973 బదులు 1968లో తెరిచి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేదేమో. కిరాణా అంతస్తు, ఖాళీ కిటికీలు మాత్రం ఏ కాలంలోనైనా భారమే అయ్యేవి.

తరువాతి వృత్తి జీవితం

దంపతులు కొడుకుతో బ్రెజిల్ వెళ్లిపోయారు. సావో పాలోలో హులానికీ దుకాణాలు నడుపుతూ ఫియొరూచి, కషరెల్ సంస్థలకు దుస్తులు రూపొందించింది. 1980ల ఆరంభంలో లండన్ తిరిగొచ్చి సొంత పేరుతో సౌందర్య సాధనాలు అమ్మింది, ఫోటోలు తీసింది. 1983లో ఆత్మకథ ‘ఫ్రమ్ ఎ టు బీబా’ ప్రచురించింది. 1987లో రోలింగ్ స్టోన్స్ బృందపు రానీ వుడ్ మయామీలో తెరుస్తున్న క్లబ్బుకు అలంకరణ చేయమని పిలవడంతో అమెరికా చేరింది. మయామీ సౌత్ బీచ్ అప్పుడు పాడుబడిన ఆర్ట్ డెకో హోటళ్లతో నిండిన ప్రాంతం. ఐలండ్ రికార్డ్స్ స్థాపకుడు క్రిస్ బ్లాక్‌వెల్ ఆ భవనాలను కొని బాగుచేయిస్తూ, లోపలి అలంకరణ ఆమెకు అప్పగించాడు. మార్లిన్ హోటల్ వాటిలో మొదటిది. బహామాస్‌లో కంపాస్ పాయింట్, పింక్ శాండ్స్ విడుదులు కూడా ఆమె చేతిపనే. ఫిట్జ్ 1997లో మరణించాక కూడా ఆమె మయామీలోనే ఉండి పని కొనసాగించింది. దుకాణంలో వాతావరణం కల్పించడంలో చూపిన నేర్పే రెండోసారి ఆమెకు జీవనోపాధి అయింది.

2009లో టాప్‌షాప్ కోసం, ఆ తరువాత అస్డా వారి జార్జ్ శ్రేణి కోసం ఆమె మళ్లీ దుస్తులు గీసింది. రెండూ సామాన్యుల ధరల్లో అమ్మే సంస్థలే. ఫ్యాషన్ రంగానికి చేసిన సేవకు 2012లో బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ గౌరవం ఇచ్చింది. అదే ఏడాది బ్రైటన్ మ్యూజియం ఆమె కృషిపై ప్రదర్శన ఏర్పాటుచేసింది. 2024లో లండన్‌లోని ఫ్యాషన్ అండ్ టెక్స్‌టైల్ మ్యూజియం బీబా కథను ప్రదర్శనగా చూపింది. ఒక సీజన్‌కు మించి మన్నకపోయినా పర్వాలేదని కుట్టించిన గౌన్లు ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

బీబా పేరు

బీబా పేరును కొన్నవాళ్లు దాన్ని పలుమార్లు బతికించబోయారు. 2006లో బెల్లా ఫ్రాయిడ్ రూపకర్తగా ఖరీదైన శ్రేణి దుస్తులు తెచ్చారు. హులానికీ ప్రమేయం లేదు. ధరలు పాత బీబా స్ఫూర్తికి విరుద్ధమని ఆమె బాహాటంగానే అంది. అది ఎంతోకాలం సాగలేదు. తరువాత హౌస్ ఆఫ్ ఫ్రేజర్ స్టోర్ల సంస్థ ఆ పేరును కొని 2010 నుంచి తన శాఖల్లో అమ్మింది. 2014లో హులానికీని సలహాదారుగా తీసుకుంది.

హైదరాబాదు సహా భారతీయ నగరాల మాల్స్‌లో కనిపించే బీబా సల్వార్ కమీజ్ దుకాణాలకూ లండన్ బీబాకూ సంబంధం లేదు. ఆ సంస్థను మీనా బింద్రా 1988లో స్వతంత్రంగా ప్రారంభించింది.